దారులు చీలెడు కథ

గత విద్యా సంవత్సరమున దసరా సెలవులు ముగిసిన పిదప ఒక తండ్రిగారు మా గదిలోనికి వచ్చి, కొంత సంకోచముతోనే, "సార్, బడిలో పిల్లలకు గేములు నేర్పుతున్నారట గదా? ఇంట్లో ఫోను చేతిలోనుంచి గుంజుకునేసరికే మాకు తల ప్రాణం తోకకొస్తున్నది. మీరు గూడ అదే మొదలుపెడితే ఎట్లా?" అని అడిగిరి. వారు అడిగినది సబబే. తరువాత మరి నలుగురైదుగురు తల్లిదండ్రులు అదే మాటను వేర్వేరు రీతుల ననిరి. ఒక్కొక్కరికి వేరుగా బదులు చెప్పుటకంటె ఈ వార్షిక సంచికలో అందరికిని ఒక్కమారే విన్నవించుట మేలని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

మేము నేర్పినది తుపాకులు ప్రేలునట్టిదియు, కార్లు పరుగెత్తునట్టిదియు కాదు. అందులో బొమ్మ యొక్కటియు లేదు, శబ్దము లేదు. ఉన్నవన్నియు తెలుగు అక్షరములే. చదువరి ఒక పుట చదువును. పుట చివర రెండో మూడో దారులు కనబడును. వానిలో నొకదాని నెన్నుకొనును. ఆ ఎన్నికను బట్టి తరువాతి పుట వచ్చును. కథానాయకుడు చదువరియే. దీనిని వచనక్రీడ యన్నను సరియే, దారులు చీలెడు కథ యన్నను సరియే. పిల్లలు మాత్రము "మా గేము" అనియే పిలుచుచున్నారు. మేమును దిద్దలేదు.

ఇట్టిది మనకు బొత్తిగా క్రొత్త గాదు. భేతాళుడు ప్రతి కథ చివరను విక్రమార్కునికి చిక్కు ప్రశ్న వేయును గదా. చందమామలో ఆ కథలను చదివి పెరిగిన తల్లిదండ్రులు మీలో పలువురు కలరు. ఆ ప్రశ్న వద్ద మీరును ఒక్క క్షణమాగి, న్యాయమేదో మనసున నిర్ణయించుకొనియే యుందురు. కాని మన మేమి నిర్ణయించినను విక్రమార్కుడు తన సమాధానమునే చెప్పును, శవము మరల చెట్టెక్కును. వైకుంఠపాళిలో నన్ననో, పావు మనదే గాని దానిని నడిపించునవి గవ్వలు. మన బుద్ధికి అచట పని లేదు. కథయు ఉండి, దారి నెన్నుకొను భారమును చదువరిమీదనే యుండుట ఈ క్రీడలోని విశేషము.

దీని పుట్టుకను వెదకినపుడు మాకు ఇద్దరు తండ్రులు కనబడిరి. తల్లిదండ్రులకు వ్రాయుచున్న వ్యాసము గనుక వారి సంగతి కొంచెము విస్తరించి చెప్పెదము.

మొదటివారు ఎడ్వర్డు పాకర్డు, న్యూయార్కులో న్యాయవాది. రాత్రులందు తన కుమార్తెలకు కథలు చెప్పెడివారు. ఒకనాడు కథానాయకునిచేత తరువాత ఏమి చేయించవలెనో తోచక, "మీరైతే ఏమి చేయుదురు?" అని పిల్లలనే అడిగిరి. ఒక్కొక్కరు ఒక్కొక్క దారి చెప్పిరి. ఎవరి దారిని త్రోసివేసినను కథకు నష్టమే యని తోచి, రెండు దారులను నడపిరి. అటుల పుట్టిన పుస్తకమును 1969లో వ్రాసిరి గాని 1976 వరకు అది అచ్చు కాలేదు. 1979 నుండి బాంటమ్ ప్రచురణ సంస్థ అట్టి పుస్తకములను వరుసగా వెలువరించెను. "మీరు తలుపు తెరచినచో ఫలానా పుటకు పొండు, తెరవనిచో ఫలానా పుటకు పొండు" అనురీతిగా నుండునవి ఆ పుస్తకములు. వానికి కంప్యూటరుతో పని లేదు. కాగితము, అంకెలు చాలును.

రెండవవారు విల్ క్రౌథర్. వీరు అమెరికాలో కంప్యూటర్ల నొకదానితో నొకటి కలుపు తొలి వలయమును నిర్మించిన సంస్థలో పనిచేసిన నిపుణులు. వీరికిని వీరి భార్య పాట్రీషియా గారికిని కెంటకీ రాష్ట్రములోని మామత్ గుహలను శోధించి పటములు గీయుట వ్యసనముగా నుండెడిది. ఆ గుహలకును ప్రక్కనున్న ఫ్లింట్ రిడ్జ్ గుహలకును నడుమ మార్గము కలదని 1972లో కనుగొనిన బృందములో ఆమెయు నొకరు. తరువాత ఆ దంపతులు విడిపోయిరి. తమను చూడవచ్చు కుమార్తెలకు వినోదముగా నుండుటకై క్రౌథర్ 1975, 1976 ప్రాంతమున ఒక ఆటను కూర్చిరి. అందు బొమ్మలు లేవు. తామెరిగిన గుహనే మాటలతో వర్ణించి, "ఉత్తరమునకు పొమ్ము", "దీపము తీసికొనుము" వంటి రెండు మాటల ఆజ్ఞలను ఆటగాడు టైపు చేసినచో అర్థము చేసికొనునట్లు చేసిరి. 1977లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున నుండిన డాన్ వుడ్స్ దానిని పెంచి విస్తరింపజేసిరి. కంప్యూటరులో మాటలతో నడచు సాహసకథలకెల్ల అదియే మూలము. పిమ్మట మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని విద్యార్థులు జోర్క్ అను ఆటను కూర్చిరి. 1979లో స్థాపితమైన ఇన్ఫోకామ్ సంస్థ దానిని అమ్మెను. బొమ్మల ఆటలు వచ్చిన తరువాత ఈ వ్యాపారము సన్నగిల్లినది గాని, ప్రీతిచే వ్రాయువారు మాత్రము నేటికిని వ్రాయుచునే యున్నారు.

క్రౌథర్ గారి ఆటనుగూర్చి మా కత్యంతము ఉపయోగపడిన విషయ మొకటి కలదు. డెన్నిస్ జెర్జ్ అను పరిశోధకుడు ఆ ఆట యొక్క తొలి ప్రతిని సంపాదించి, దానితో గుహలోనికి పోయి పోల్చిచూచి 2007లో ప్రకటించెను. ఆటలోని వర్ణన చాలమట్టుకు నిజమైన గుహకు సరిపోయినదట. అనగా ఆ తండ్రి కల్పన చేయకముందు తాను నడచిన చోటును ఉన్నదున్నట్లు వ్రాసెను. దీనిని చదివిన పిదపనే మేము పిల్లలకు మొదటి నియమము పెట్టితిమి: "రాజులు, రాక్షసులు, అంతరిక్షము వలదు. మీరు కాలినడకన తిరిగిన చోటునే వ్రాయుడు." మొదట ముఖములు చిన్నబుచ్చుకొనిరి. కాని వారమురోజులలో మన వాడలోని సందులు, సిద్ధేశ్వరుని చెరువు గట్టు, సంక్రాంతి జాతరలోని దుకాణములు, ఇంటి ముందరి గదిలో సాంచా, వెనుక గదిలో వంట, అన్నియు కాగితములమీదికి వచ్చెను. షోలాపురమునకు మన పెద్దలు నేతపనికై తెలంగాణ సీమనుండి వచ్చి ఎన్ని తరములైనను, మన వీధి ఏ తెలుగు వాచకములోను లేదు. పిల్లలు తమ వీధిని తెలుగులో చదువుట అదియే మొదటిసారి.

ఇక పని ఎట్లు జరిగినదో చెప్పెదము. క్రౌథర్ పద్ధతిలో ఆటగాడు ఆజ్ఞను టైపు చేయవలెను. మేము తొలుత దానినే తెలుగులో చేయవచ్చునని భ్రమించితిమి. నాలుగు దినములలో ఆ భ్రమ తీరెను. ఇంగ్లీషులో దీపము అను మాట ఎచట నున్నను మారదు. మన భాషలో ఒకడు "దీపము తీసికొనుము" అని వ్రాయును, ఇంకొకడు "దీపాన్ని తీసుకో" అనును, మరియొకతె "దీపం పట్టుకుంటా" అనును. ఇల్లు అను మాట ఇంటికి, ఇంటిలో, ఇంట్లోంచి అని రూపు మార్చుకొనును. మనిషికి అన్నియు ఒకటే. యంత్రమునకు ప్రతిదియు వేరు మాట. ఇది అసాధ్యమని మేము చెప్పము. భాషాశాస్త్రమును, కంప్యూటరును రెండును ఎరిగినవారు చేయదగిన పని. ఎనిమిదవ తరగతికి మాత్రము తగదు. (వ్యాకరణము నేర్చుకొనుట ఎందులకని అడుగు పిల్లలకు ఆ నాలుగు దినములును మంచి జవాబు చెప్పినవి. విభక్తులను గురించి అంత శ్రద్ధగా విన్న తరగతిని మేము మునుపు చూడలేదు.)

అందుచేత టైపు చేయుట మాని, దారులను తాకి యెన్నుకొను పద్ధతిని చేపట్టితిమి. దీనికి ట్వైన్ అను సాధనము కలదు. క్రిస్ క్లిమాస్ అను వారు దీనిని 2009లో ఉచితముగా లోకమున కిచ్చిరి. తెరమీద చిన్న చిన్న పెట్టెలుండును. ఒక్కొక్క పెట్టె కథలో ఒక పుట. పుటలోని ఏ మాటను రెండేసి చదరపు బ్రాకెట్ల నడుమ వ్రాసినను అది దారి యగును. ఆ పేరుగల పెట్టెకు బాణపు గీత తానే యేర్పడును. కథ ముగిసిన పిదప అంతయు ఒకే ఫైలుగా వచ్చును. దానిని ఏ ఫోనులోనికి ఎక్కించినను, ఇంటర్నెట్ లేకున్నను తెరచి చదువవచ్చును. తెలుగు లిపి నిరాటంకముగా నడచును.

నిరాటంకముగా నంటిమి గాని ఒక చిక్కు కలదు. ఒక బాలుడు పుట పేరు "చెరువుకు వెళ్లు" అని పెట్టి, దారిలో "చెరువుకు వెళ్ళు" అని వ్రాసెను. మనకు రెండును చెల్లును. యంత్రమునకు చెల్లవు. ఆ పేరుతో పుట లేదనుకొని అది క్రొత్తగా ఖాళీ పెట్టె నొకటి పుట్టించెను. చదువరి చెరువునకు పోయినచో అచట నీరును లేదు, గట్టును లేదు, తెల్లని తెర మాత్రమే. ఇంతకంటె వింత యగునది మరియొకటి జరిగినది. రెండుచోట్లను ఒకే విధముగా కనబడుచున్న "షోలాపూర్‌లో" అను మాట కలియకపోయెను. గంటసేపు వెదకగా తేలినదేమన, పొల్లును, తరువాతి అక్షరమును కలిసిపోకుండ నడుమ పెట్టు కంటికి కనబడని గుర్తు ఒకటి యుండునట. అది ఒకచోట నుండి వేరొకచోట లేదు. నాటినుండి పుటల పేర్లు 1, 2, 3 అని అంకెలలోనే పెట్టుచున్నాము. పేరు మాత్రము అంకె. చదువరికి కనబడు దారి మంచి తెలుగు వాక్యము. మీ ఇంట నెవరైన ఇట్టి కథ వ్రాయబూనినచో ఈ ఒక్క సంగతిని మరువకుడు.

మేము చేసిన పొరపాటును ఒకటి చెప్పుకొనవలసియున్నది. ట్వైన్‌ను బ్రౌజరులో వాడినచో కథలు ఆ బ్రౌజరులోనే దాగియుండును. నవంబరు మాసమున మేము, కంప్యూటరు మందముగా నడచుచున్నదని, బ్రౌజరులోని పాత వివరముల నన్నిటిని మా చేతితోనే తుడిచివేసితిమి. మూడు వారముల పని పోయినది. తరగతికి పోయి సంగతి చెప్పినపుడు ఒక్కరును మాటాడలేదు. కాగితపు ప్రతులు మిగిలియుండుటచేత మరల ఎక్కించుకొనగలిగితిమి. నేడు ప్రతి శనివారమును ఫైలును వేరుగా దించి మూడుచోట్ల దాచుచున్నాము.

ఆ కాగితపు ప్రతులనుగూర్చి. మేము ఏ కథను నేరుగా కంప్యూటరులో వ్రాయనీయము. పోస్టుకార్డు పరిమాణమున అట్టముక్కలు కత్తిరించి, ఒక్కొక్కదానిమీద ఒక్కొక్క పుట వ్రాసి, గోడకు గుచ్చి, దారమును ఒక ముక్కనుండి మరియొకదానికి లాగుదుము. మన యిండ్లలో దారమునకు కరవు లేదు. గోడయెదుట నిలిచినప్పుడే పిల్లలకు లెక్క తెలిసినది. ప్రతి పుట చివర రెండు దారులు పెట్టి, ఏ రెండును మరల కలియకుండ పోయినచో, పది యెన్నికలు ముగియునప్పటికి 1024 ముగింపులు కావలెను. మొత్తము పుటలు 2047. చదువరికి మాత్రము వానిలో పదునొకండే కనబడును. దీనిని మేము చెప్పలేదు; గణితములో వెనుకబడినదని పేరుపడిన ఒక బాలిక అట్టముక్కలు చాలక లెక్కవేసి కనుగొన్నది. కావున చీలిన దారులు ముందెక్కడనో కలియవలెను. కలిసినను, ఏ దారిన వచ్చెనో కథకు గుర్తుండవలెను.

గుర్తుంచుకొను ఏర్పాటు ఆ సాధనములో కలదు. మా మొదటి కథలో నాయకుని జేబులో 20 రూపాయలుండును. బడినుండి వచ్చుచు వడాపావు తిన్నచో 15 ఖర్చు. తరువాత సాంచా బాగుచేయు మనిషిని పిలుచుకొని వచ్చుటకు ఆటోలో కూర్చుండవలెనన్నచో 10 కావలెను. డబ్బున్నచో ఆ దారి కనబడును, లేనిచో కనబడదు. ఇది "అయినచో, కానిచో" అను తర్కము. ప్రోగ్రామింగునకు ఇదియే పునాది యని కొందరు చెప్పుదురు. అగుగాక. మన పిల్లలందరు దీనివలన ఇంజనీర్లగుదురని మేము వాగ్దానము చేయము, మా ఉద్దేశమును అది కాదు. మాకు ముచ్చట గొలిపినది వేరు. దారి కనబడకుండ మాయమైనచో, తాను పోగొట్టుకొన్న దేమియో చదువరికే తెలియదు. అందుచేత ఆ పుటలో "జేబు తడిమి చూచితివి. అయిదు రూపాయల బిళ్ళ ఒక్కటే చేతికి తగిలినది" అని ఒక వాక్యము వ్రాయవలసి వచ్చెను. ఆ వాక్యమును ఎవరును చెప్పకయే పిల్లలు చేర్చిరి.

పూర్తియైన కథను అయిదవ తరగతి పిల్లలచేత చదివింతుము. వ్రాసినవాడు ప్రక్కన నిలువవలెను, నోరు మెదపరాదు. ఇది కఠినమైన నియమము. చిన్నవాండ్రు వ్రాసినవాడు కోరని దారినే పట్టుదురు. వాక్యము అర్థము కానిచో నిర్మొహమాటముగ దాటివేయుదురు. పరీక్షలో మార్కులు వేయు ఉపాధ్యాయుడు వ్యాసమును తుదవరకు చదివితీరును, అది యతని ఉద్యోగము. చిన్నపిల్లకు అట్టి నిర్బంధము లేదు. తన తెలుగు వాక్యముమీద ఇంకొకరి ఆసక్తి ఆధారపడియున్నదని మా విద్యార్థులకు అప్పుడే తెలిసెను. అక్షరదోషములు దిద్దుమని మేము సంవత్సరములతరబడి చెప్పినదానికంటె, "అన్నా, ఇదేం మాట?" అని ఒక పదేండ్ల పిల్ల అడిగినది ఎక్కువ పనిచేసినది.

ఒక బాలుడు తొందరలో మోసము చేసెను. దారులు రెండు చూపి, రెండును ఒకే పుటకు కలిపెను. ఎటు పోయినను తేడా లేదు. అయిదవ తరగతి పిల్లవాడు వెనుకకు వచ్చి రెండవ దారిని తాకి చూచి, "రెండూ ఒకటే గదా, మరి నన్నెందుకు అడిగినవు?" అనెను. తరగతి అంతయు నవ్వినది గాని మేము దానినే రెండవ నియమముగా గోడమీద వ్రాసితిమి: అడిగిన తరువాత ఆ జవాబునకు విలువ నీయవలెను.

చదువరిని ఏమని సంబోధించవలెననుటలో పెద్ద చర్చ జరిగినది. ఇంగ్లీషు కథలలో ఒకే మాటతో సరిపోవును. మనకు నీవు వేరు, మీరు వేరు. పిల్లలు "నీవు" అని వ్రాసిరి. ఒక విద్యార్థి తాతగారు మనుమని ఫోనులో కథను తెరచి, "ఎవడురా వీడు, నన్ను నువ్వంటాడు?" అని కోపించిరట. మరుసటి దినము తరగతి రెండు పక్షములయ్యెను. చివరకు, కథ చెప్పు కంఠము ఇంటిలోని నాయనమ్మదిగా మార్చుకొనిరి. నాయనమ్మ నీవనుటలో ఎవరికిని తప్పు తోచదు గదా. తాతగారును ఒప్పుకొనిరని వింటిమి. ఇంకొక సదుపాయము మేము ఆలస్యముగా గ్రహించితిమి. ఇద్దరు పిల్లలు తమ కథను మరాఠీలోనికి మార్చబూని చిక్కుపడిరి. "నీవు వచ్చితివి" అనుటకు మరాఠీలో బాలునితో "ఆలాస్" అనవలెను, బాలికతో "ఆలీస్" అనవలెను. నాయకుడెవరో ముందే తేల్చవలెను. తెలుగులో ఆ మాట ఇద్దరికి నొకటియే. మన పుటను బాలుడు చదివినచో బాలుడే నాయకుడు, బాలిక చదివినచో బాలికయే నాయిక. మనము దినదినము వాడు భాషలో ఇట్టి వెసులుబాటు కలదని మాకు ఏబదియేండ్లు దాటిన పిదప ఇద్దరు పిల్లల మరాఠీ అనువాదమువలన తెలిసినది.

ఇక ఒక కథనుగూర్చి. దానిని వ్రాసిన బాలికను, ఇంటివారిని అడిగి, వారు సరేయనిన పిదపనే, పేరు చెప్పక వ్రాయుచున్నాము.

ఆమె కథలో పిల్ల బడినుండి ఇంటికి బయలుదేరును. ఆ సాయంకాలము ఇంటికి ఒక టెంపో రానున్నది. పిల్ల తిన్నగా ఇంటికి పోవచ్చును, చెరువు గట్టుమీద స్నేహితురాలితో కూర్చుండవచ్చును. నాయనమ్మను సంగతి అడుగవచ్చును, అడుగకపోవచ్చును. నాన్న ముఖము చూచి మాటాడవచ్చును, వెనుక గదికి పోయి పుస్తకము తెరువవచ్చును. ఏ దారిని పోయినను, కథ చివర సాంచాను పాత ఇనుము ధరకు అమ్మివేయుదురు.

తరగతి అంగీకరించలేదు. "గోడమీద నియమం రాసి ఉంది గదా. అడిగినాక విలువ ఇయ్యాలె. నువ్వు ఎటు పోయినా ఒకటే చేసినవు" అని అందరును అనిరి. మేమును లోలోపల వారి పక్షమే. ఒక దారిలోనైన సాంచా నిలుచునట్లు వ్రాయుమని చెప్పుటకు నోరు తెరచుచుండగా ఆ పిల్ల, "మా ఇంట్లో అట్లనే అయింది సార్. నేను ఏం చేసినా ఆగకపోవు" అనెను.

అప్పుడు ఆ కథను మరల మొదటినుండి నాలుగు దారులలోను చదివితిమి. సాంచా అన్నిటిలోను పోవును. కాని తిన్నగా ఇంటికి పోయిన పిల్ల కండెల బుట్టను తానెత్తి టెంపోవద్దకు తెచ్చును, నాన్న "అది మనకే ఉండనీ" అనును. నాయనమ్మ నడిగిన పిల్లకు ఆ సాంచా ఏ సంవత్సరమున ఎవరి నగలు కుదువబెట్టి కొన్నదో తెలియును. చెరువు గట్టున కూర్చున్న పిల్ల చీకటిపడిన తరువాత వచ్చి, ముందరి గదిలో నేలమీద బోల్టులు పీకిన నాలుగు రంధ్రములను, నూనె మరకను మాత్రము చూచును. చప్పుడు లేనందున ఆ రాత్రి ఇంటిలో ఎవరికిని నిద్ర పట్టదు. ఎన్నికకు విలువ ఈయలేదని మేమనుకొన్నది పొరపాటు. జరుగునది మారలేదు, ఆ పిల్ల ఎచట నుండెనో అది మారినది. మేము గోడమీది నియమమును చెరపలేదు గాని, ముగింపు మారవలెనని దానికి మేము చేసికొన్న అర్థమును మాత్రము మార్చుకొంటిమి. ఈ సంగతి తరగతిలో ఒప్పుకొంటిమి కూడ.

ఫిబ్రవరిలో ఆమె తండ్రిగారు వేరొక పనిమీద బడికి వచ్చినపుడు కథను మా గదిలో కూర్చుండి చదివిరి. చెరువు దారిని పట్టి చివరికి వచ్చిరి. చాలసేపు ఏమియు ననక, తరువాత, "దీంట్ల వెనుకకు పోయేది ఎట్లా సార్?" అని అడిగిరి. చూపించితిమి. తక్కిన మూడు దారులును చదివిన తరువాతనే లేచిరి.

మొదట ప్రశ్నించిన తండ్రిగారికి ఇంకను బదులు బాకీ యున్నది. ఫోను చేత పట్టుకొనుట ఈ పనిచేత తగ్గినదని మేము చెప్పజాలము. కొన్ని ఇండ్లలో కొంచెము పెరిగినదేమో కూడ. అందుచేతనే వ్రాతపని అంతయు కాగితముమీద ఇంటను, కంప్యూటరు పని బడిలోను అని విభజించినాము. ఇంటివద్ద "గేము వ్రాయుచున్నాను" అని ఫోను పట్టినవాడు మీతో నిజము చెప్పుచున్నట్లు కాదు, నిస్సంకోచముగ తీసికొనవచ్చును.

మీనుండి కోరునది ఒకటి కలదు. వ్రాయునపుడు పిల్లలకు మాటలు చాలుట లేదు. పాఠ్యపుస్తకములో నేత నేయువాని మాటలు లేవు. పిల్లల నోట తాళపుచెవి పోయి చాబీ వచ్చినది, అలమర పోయి కపాట్ వచ్చినది. మేము వచ్చిన మాటలమీద పగబట్టువారము కాము. సాంచా అను మాటను తీసివేసి మరమగ్గమని వ్రాయుమన్న ఒక విద్వాంసుని సలహాను మేము మన్నింపలేదు, మన వాడలో ఎవరును అట్లనరు గనుక. కాని ఆసు, అచ్చు, నాడె, కండె, పడుగు, పేక అను మాటలెరిగిన నాయనమ్మలు ఇంకను మన యిండ్లలో నున్నారు. వారి మాటలను పిల్లలు వ్రాసికొనుటకై తరగతికొక నోటుపుస్తకము పెట్టితిమి. మొదటి పుస్తకములో ఇప్పటికి అరువది పుటలు నిండినవి. ఒకే వస్తువునకు రెండిండ్లలో రెండు పేర్లు వచ్చినచో రెండును వ్రాయుచున్నాము, ఇంటి పెద్దలు ఏ ఊరినుండి వచ్చిరో దానిని ప్రక్కన గుర్తించుచున్నాము.

రాబోవు సంవత్సరము ఏడవ తరగతిని కూడ ఈ పనిలో చేర్చుకొనుచున్నాము. శనివారము మధ్యాహ్నము రెండు గంటలనుండి నాలుగు గంటలవరకు తరగతి జరుగును. తీరికయున్న నాయనమ్మలు, అమ్మమ్మలు, తాతలు ఎవరు వచ్చినను కుర్చీ వేయుదుము. రాలేనివారివద్దకు పిల్లలనే నోటుపుస్తకముతో పంపుదుము. పూర్తియైన కథలు ఫోనులోనికి కావలెనన్నవారు కార్యాలయములో అడిగినచో ఎక్కించి ఇత్తురు. ఫోను లేనివారికై అట్టముక్కల ప్రతులను గ్రంథాలయములో నుంచితిమి. వానిపై దారముండదు గాని, ఏ దారికి ఏ ముక్కను తీయవలెనో అంకెలు వేసియున్నవి.